4 ఏళ్ల ఎలుక, ముందే పసిగట్టిన న్యూరాన్: మా డేటాబేస్ డైరీ

1వ వారం

మూడు ల్యాబులకు కలిపి ఒకే డేటాబేస్ కట్టే పని నా నెత్తిన పడింది. మొదటి ల్యాబ్ ఎలుకల మెదడులోకి వెంట్రుకలాంటి సిలికాన్ ప్రోబులు దించి న్యూరాన్ల (మెదడు కణాల) విద్యుత్ సంకేతాలు రికార్డు చేస్తుంది. రెండోది టూ-ఫోటాన్ మైక్రోస్కోపుతో, న్యూరాన్లు పనిచేసినప్పుడు వాటిలో కనిపించే కాల్షియం మెరుపులను వీడియో తీస్తుంది. మూడోది మనుషులకు ఎంఆర్‌ఐ స్కాన్లు, ఈఈజీ (తల మీద నుంచి మెదడు విద్యుత్తును కొలవడం) చేస్తుంది. ముగ్గురూ వెతుకుతున్నది ఒకటే: కంటికి కనిపించినదాన్ని బట్టి మెదడు నిర్ణయం ఎలా తీసుకుంటుంది? అయినా ఇన్నేళ్లలో ఒకరి డేటా ఇంకొకరు తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఈ వారమంతా హార్డ్ డిస్కులు లెక్కపెట్టడానికే సరిపోయింది. కొన్నిటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు చెరిగిపోయాయి. స్కానర్ ల్యాబ్ బీరువాలో దొరికిన ఒక డిస్కు మీద "ముట్టుకోవద్దు" అని తప్ప ఇంకేమీ లేదు. ఎవరు రాశారో, ఎందుకు రాశారో అడిగితే అందరూ భుజాలెగరేశారు. సరే, ముట్టుకోలేదు.

ఎంత జాగా కావాలో కాగితం మీద లెక్క వేశాను. న్యూరోపిక్సెల్స్ 1.0 ప్రోబ్ మీద 960 రికార్డింగ్ బిందువులు ఉంటాయి, ఒకేసారి 384 నుంచి సంకేతాలు తీసుకోవచ్చు. ఒక్కో ఛానెల్ నుంచి సెకనుకు 30,000 నమూనాలు, ఒక్కో నమూనాకు 2 బైట్లు. అంటే సెకనుకు 23 మెగాబైట్లు, గంటకు దాదాపు 83 గిగాబైట్లు. ఒక్క ప్రోబ్‌కే ఇది. మైక్రోస్కోప్ వీడియో 512×512 పిక్సెళ్లు, సెకనుకు 30 ఫ్రేములు, 16 బిట్లు అనుకుంటే గంటకు 57 గిగాబైట్ల దాకా వస్తుంది. ప్రోబ్ ఫైలులో 385వ ఛానెల్ కూడా ఒకటి కనిపించింది. ఏదో అదనపుది అనుకుని లెక్కలో వదిలేశాను.

స్కానర్ ల్యాబ్‌కు జాగా సమస్య లేదు. ఒక మనిషి స్కాన్లన్నీ కలిపినా ఎలుక ముందు దిగదుడుపే. వాళ్ల టెన్షన్ అంతా గోప్యత గురించి.

2వ వారం

ముడి డేటా మొత్తాన్ని డేటాబేస్ టేబుళ్లలోకే ఎక్కించేద్దామని ఒక ప్రొఫెసర్ గారు గట్టిగా అన్నారు. వద్దని ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టాయి. డేటాబేస్‌లో ఉండాల్సింది కేటలాగు: ఏ జంతువు, ఏ రోజు, ఏ రిగ్ (ప్రయోగం జరిగే పరికరాల అమరిక), ఏ ప్రోబ్, ఫైలు ఎక్కడుంది, దాని షా-256 చెక్‌సమ్ (ఫైలులో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తు సంఖ్య) ఎంత. గిగాబైట్ల బరువున్న ఫైళ్లు విడిగా స్టోరేజీలో ఉంటాయి. ఇంటర్నేషనల్ బ్రెయిన్ ల్యాబొరేటరీ వాళ్లు ఎన్నో ల్యాబుల ఎలుకల డేటాను ఇలాగే నడుపుతున్నారు. వివరాలు అలిక్స్ అనే డేటాబేస్‌లో, ముడి ఫైళ్లు వేరే సర్వర్లలో. ఆ ఉదాహరణ చూపించాకే ఆయన మెత్తబడ్డారు.

ఫైళ్ల ఫార్మాట్ గురించి పెద్దగా గొడవ జరగలేదు. జంతువుల డేటాకు ఎన్‌డబ్ల్యూబీ, అంటే న్యూరోడేటా వితౌట్ బోర్డర్స్. లోపల హెచ్‌డీఎఫ్5 అనే ఫైలు రకం ఉంటుంది, పైథాన్ నుంచీ మ్యాట్‌ల్యాబ్ నుంచీ తెరవచ్చు. మనుషుల డేటాకు 2016లో వచ్చిన బిడ్స్ పద్ధతి: ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు, పక్కన వివరాలు రాసే జేసన్ ఫైలు, అన్నీ ఒక కట్టుబాటు ప్రకారం. కేటలాగుకు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్.

గొడవ ఎక్కడ వచ్చిందంటే "గమనికలు" అనే కాలమ్ దగ్గర. ఎవరికి తోచింది వాళ్లు రాసుకునే ఖాళీ గడి నాకు నచ్చదు. దాన్ని వెతకలేం, లెక్కపెట్టలేం, ఒకరు "ఓకే" అని రాస్తే ఇంకొకరు "పర్లేదు" అని రాస్తారు. అన్నిటికీ డ్రాప్‌డౌన్ (ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకునే గడి) పెడతానన్నాను. ప్రోబులు దించే ఎలక్ట్రోడ్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "రిగ్ దగ్గర జరిగేవన్నీ మీ డ్రాప్‌డౌన్‌లో ఎక్కడ పడతాయండీ?" అంది. చివరికి కాలమ్ పెట్టాను, ఎవరూ వాడరులే అనుకుంటూ.

3వ వారం

ఈ వారం రాసిన కోడ్ సున్నా. "సెషన్" అంటే ఏమిటో తేల్చడంతోనే సరిపోయింది.

ఎలక్ట్రోడ్ ల్యాబ్ లెక్కలో ఎలుకను రిగ్‌లో పెట్టినప్పటి నుంచి తీసేదాకా ఒక సెషన్. మైక్రోస్కోప్ ల్యాబ్‌కు ఒక రోజంతా ఒకటే సెషన్, మధ్యలో ఎలుక గూటికి వెళ్లొచ్చినా సరే. మెదడులో చూసే చోటు మారితే దాన్ని "ఫీల్డ్" అంటారు. స్కానర్ ల్యాబ్‌లో మనిషి ఒకసారి వచ్చి వెళ్తే సెషన్. స్కానర్ లోపల ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తే ఒక్కోటి "రన్". దీనికి తోడు ఎలక్ట్రోడ్ ల్యాబ్‌లోనే ఇద్దరు "రన్" అనే మాటను ఎలుక చక్రం మీద పరుగెత్తిన భాగానికి వాడుతున్నారు. నాలుగో మీటింగులో గానీ ఈ సంగతి బయటపడలేదు. అప్పటిదాకా ఒకరు చెప్పేది ఇంకొకరికి అర్థమవుతోందనే అందరం అనుకున్నాం.

చివరికి బోర్డు మీద రాసి, ఫొటో తీసి, అందరికీ పంపిన నిర్వచనం ఇది: జంతువు గానీ మనిషి గానీ పరికరంలోకి వెళ్లి బయటికి వచ్చేదాకా ఒక సెషన్. దాని కింద ఎన్ని రికార్డింగులైనా ఉండొచ్చు. రికార్డింగ్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే రికార్డింగులు రెండు, సెషన్ మాత్రం ఒకటే. ఎన్‌డబ్ల్యూబీలోనూ మామూలుగా ఒక సెషన్‌కు ఒక ఫైలే కాబట్టి అదీ కుదిరింది. మైక్రోస్కోప్ ల్యాబ్ వాళ్లు మాత్రం తమ పాత డేటా మొత్తాన్ని ముక్కలు చేసుకోవాలి. ముఖాలు చిన్నబుచ్చుకున్నారు.

5వ వారం

పాత ఎలుకల జాబితాలు ఎక్కించడం మొదలైంది. టేబుల్ మీద ఒక నిబంధన పెట్టాను: రికార్డింగ్ రోజుకు ఎలుక వయసు 1,000 రోజులు దాటితే ఆ వరుసను తిప్పికొట్టు. ల్యాబ్ ఎలుక బతికేదే రెండు మూడేళ్లు కదా.

రాత్రి స్క్రిప్టు నడిపి పడుకున్నాను. తెల్లారి చూస్తే 23 ఎలుకలు వెనక్కి వచ్చాయి. అన్నిటి వయసూ 4 ఏళ్ల పైనే. అందులో ఒకటి 4 ఏళ్ల 4 నెలల ఎలుక. నిజమైతే ఈ ప్రాజెక్టు పక్కన పెట్టి ఆ ఎలుక మీదే పేపర్ రాయొచ్చు.

అదృష్టవశాత్తూ 23 ఎలుకలూ ఒకే షీటు నుంచి వచ్చాయి. పుట్టిన తేదీ గడిలో తేదీ లేదు, 43100 లాంటి అంకెలున్నాయి. ఎక్సెల్ తేదీని లోపల అంకెగానే దాచుకుంటుంది. ఫార్మాట్ పోయి సీఎస్‌వీగా (సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ అయితే ఆ అంకె బయటపడుతుంది. దాన్ని తేదీగా మార్చే రెండు లైన్ల కోడ్ నేనే రాశాను. 43100 ఇస్తే 2017 డిసెంబర్ 31 వచ్చింది. కానీ ల్యాబ్ నోటుపుస్తకంలో ఆ ఎలుక పుట్టింది 2022 జనవరి 1న. మిగతావీ చూశాను. ప్రతిదానికీ తేడా సరిగ్గా 1,462 రోజులు, అంటే 4 ఏళ్ల ఒక రోజు.

ఆ అంకెను గూగుల్‌లో కొట్టగానే విషయం తెలిసింది. ఎక్సెల్‌లో రెండు క్యాలెండర్లు ఉన్నాయి. ఒకటి 1900 నుంచి లెక్కపెడుతుంది, ఇంకొకటి 1904 నుంచి. పాత మ్యాక్ ఎక్సెల్‌లో రెండోదే డిఫాల్ట్. ఆ షీటును ఎప్పుడో ఒక మ్యాక్‌లో మొదలుపెట్టారు, కంప్యూటర్లు మారినా ఫైలు మారలేదు. అసలు ఎక్సెల్ ఫైలులో ఏ క్యాలెండరో చెప్పే గుర్తు ఉంటుంది, సీఎస్‌వీ చేయగానే అది పోతుంది. సీఎస్‌వీ ఇవ్వమని అడిగింది నేనే. తప్పు నాదే.

నన్ను భయపెట్టింది మాత్రం వేరే విషయం. ఇది ఎలుక కాబట్టి దొరికింది. అదే మనుషుల జాబితా అయ్యుంటే 24 ఏళ్ల వాలంటీరు 28 ఏళ్లవాడుగా మారిపోయేవాడు. ఏ నిబంధనా పట్టుకునేది కాదు. ఇప్పుడు తేదీలున్న షీట్లను అసలు ఎక్సెల్ ఫైలుగానే తీసుకుంటున్నాను. ప్రతి షీటు నుంచీ ఐదు వరుసలు తీసి నోటుపుస్తకంతో చేత్తో పోల్చాకే లోపలికి రానిస్తున్నాను.

6వ వారం

కాపీలు, చెక్‌సమ్‌లు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక 80 గిగాబైట్ల ఫైలు సైజు సరిగ్గానే ఉండి చెక్‌సమ్ మాత్రం తప్పింది. మళ్లీ కాపీ చేస్తే సరిపోయింది. సైజు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దని గోడ మీద రాసి పెట్టాను.

8, 9 వారాలు

ఈ రెండు వారాలూ నిద్ర లేదు.

ఎలక్ట్రోడ్ ల్యాబ్ అమ్మాయి ఒక గ్రాఫు పంపింది. తెర మీద వెలుగు పడ్డ క్షణం నుంచి ఎలుక విజువల్ కార్టెక్స్‌లోని (మెదడులో చూపును చూసుకునే భాగంలోని) న్యూరాన్ స్పందించడానికి ఎంతసేపు పట్టిందన్నది గ్రాఫు. అది అటూ ఇటుగా 50 మిల్లీసెకన్లు ఉండాలి. సెషన్ మొదట్లో అంతే ఉంది. ట్రయల్స్ (వెలుగు చూపించే ఒక్కో విడత) గడిచేకొద్దీ 40, 20, 0. చివరి ట్రయల్స్‌కి వచ్చేసరికి మైనస్ 58! వెలుగు పడకముందే న్యూరాన్‌కు తెలిసిపోయింది. కింద ఒకే లైను: "మీ డేటాబేస్‌లోంచి తీశాక ఇలా ఉంది. నా పాత కోడ్‌లో ఇలా లేదు."

చుక్కలన్నీ గీటుకర్రతో గీసినట్టు ఒకే వాలులో దిగుతున్నాయి. మెదడు ఏ పనీ ఇంత నీట్‌గా చేయదు. ఇది గడియారం పనే.

ప్రోబ్ సంకేతాలకు ఒక గడియారం, తెర నడిపే కంప్యూటర్‌కు ఇంకొకటి. రెండింటిలోనూ క్వార్ట్జ్ స్ఫటికాలే. ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో కొట్టుకోవు, వేడి మారినా వేగం కాస్త మారుతుంది. 30,000 అని కాగితం మీద ఉన్నంత మాత్రాన నిజంగా సెకనుకు 30,000 నమూనాలే వస్తాయని లేదు. ఈ సెషన్‌లో రెండు గడియారాల మధ్య తేడా సెకనుకు 20 మైక్రోసెకన్లు. చెబితే నవ్వొచ్చేంత చిన్నది. కానీ సెషన్ 90 నిమిషాలు, అంటే 5,400 సెకన్లు. మొత్తం 108 మిల్లీసెకన్లు. 50 లోంచి 108 తీసేస్తే మైనస్ 58. కాగితం మీద ఆ లెక్క కుదిరినప్పుడు కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

నా ఇంపోర్ట్ కోడ్ సెషన్ మొదట్లో ఒక్క పల్స్ (క్షణంపాటు వచ్చే విద్యుత్ సంకేతం) చూసి రెండు గడియారాలనూ కలిపేసి, ఆ తర్వాత రెండూ కలిసే నడుస్తాయని నమ్మేసింది. ఆ అమ్మాయి పాత కోడ్ అలా నమ్మలేదు. రిగ్‌లో ఒక చిన్న పెట్టె ఉంది, సెషన్ పొడుగునా రెండు వైపులకూ ఒకేసారి పల్స్‌లు పంపుతూ ఉంటుంది. ప్రోబ్ వైపు ఆ పల్స్‌లు ఎక్కడ రికార్డవుతాయి? మొదటి వారం నేను "ఏదో అదనపుది" అని వదిలేసిన 385వ ఛానెల్‌లో.

పల్స్‌లు సరిగ్గా సెకనుకొకటి రావని అప్పుడే గమనించాను. ఒకసారి 0.7 సెకన్లకు, ఒకసారి 1.4కి. పెట్టె పాడైందనుకున్నాను. కాదట, కావాలనే అలా పెట్టారు. అన్నీ సమాన దూరంలో ఉంటే, ఒక వైపు ఒకటి తప్పిపోయినప్పుడు ఏది దేనికి జతో తెలియదు, అక్కడి నుంచి అన్నీ ఒక సెకను జరిగిపోతాయి. దూరాలు గజిబిజిగా ఉంటే వేలిముద్రలాగా జత దొరికిపోతుంది. ఆ పెట్టె తయారుచేసిన వాళ్లెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

మార్పులు: ప్రతి డేటా వరుసకూ అది ఏ గడియారానిదో చెప్పే కాలమ్ వచ్చింది. ఒక గడియారం సమయాన్ని ఇంకొకదానిలోకి మార్చే వాలు, మొదటి తేడా, ఎన్ని పల్స్‌లు జతపడ్డాయి, సరళరేఖ నుంచి గరిష్ఠంగా ఎంత పక్కకు పోయింది, ఇవన్నీ వేరే టేబుల్లో ఉంటాయి. ముడి సమయాలను ఎప్పుడూ దిద్దం. ఎన్‌డబ్ల్యూబీ ఫైలు రాసేటప్పుడు మాత్రం అన్నిటినీ ఒకే ఉమ్మడి గడియారంలోకి మార్చి రాస్తాం. రేపు ఇంకెవరికైనా మా వాలు మీద అనుమానం వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టుకోవచ్చు.

పల్స్‌లు అసలే లేని పాత సెషన్లు 11 ఉన్నాయి. వాటిని "సమయం నమ్మదగినది కాదు" అనే గుర్తుతో లోపలికి రానిచ్చాం. పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

11వ వారం

ప్రొఫెసర్ గారు వచ్చి మామూలుగా అడిగారు: "ఇప్పటికి డేటాబేస్‌లో ఎన్ని న్యూరాన్లు ఉన్నాయి?"

ఒక్కటి కూడా లేదు సార్, అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, కానీ నిజం అదే. ఎలక్ట్రోడ్ దగ్గర వినిపించేది గుంపు గోల. అందులోంచి ఏ స్పైక్ (న్యూరాన్ ఒకసారి ఇచ్చే విద్యుత్ సంకేతం) ఏ న్యూరాన్‌దో విడదీసేది స్పైక్ సార్టింగ్. కిలోసార్ట్ లాంటి ప్రోగ్రాములు చేసేది అదే. అవి ఇచ్చేవి "యూనిట్లు", వాటి అంచనాలు. ఒకే రికార్డింగ్ మీద వేర్వేరు సార్టర్లు నడిపితే అన్నీ ఒప్పుకునే యూనిట్లు తక్కువేనని స్పైక్‌ఇంటర్‌ఫేస్ బృందం 2020లోనే చూపించింది. కాబట్టి మా స్కీమాలో (టేబుళ్ల అమరికలో) యూనిట్ నేరుగా రికార్డింగ్ కింద ఉండదు. మధ్యలో "సార్టింగ్" అనే టేబుల్ ఉంటుంది: ఏ ప్రోగ్రాము, ఏ వెర్షన్, ఏ సెట్టింగులు, తర్వాత చేత్తో ఎవరు సవరించారు. ఫలానా రికార్డింగ్‌లోని 17వ యూనిట్ అంటే అర్థం లేదు. ఫలానా సార్టింగ్‌లోని 17వ యూనిట్ అంటే ఉంది.

రిపోర్టులో మాత్రం ఆయనకు ఒక అంకె కావాలి. "నాణ్యత పరీక్ష దాటిన యూనిట్లు" అని రాసి ఇచ్చాను, ఏ సార్టింగో బ్రాకెట్లో పెట్టి. స్లైడులోకి వెళ్లేసరికి ఆ బ్రాకెట్ ఎగిరిపోయింది.

13వ వారం

మనుషుల డేటా. పేర్లు తీసేస్తే చాలనుకునే రోజులు పోయాయి. మెదడు స్కాన్‌లో ముఖం కూడా ఉంటుంది, చర్మం ఉపరితలాన్ని కంప్యూటర్‌లో గీస్తే మనిషి గుర్తుపట్టేలా కనిపిస్తాడు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 84 మంది స్కాన్ల నుంచి తీసిన ముఖాలను వాళ్ల ఫొటోలతో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే 70 మందిని సరిగ్గా పట్టుకుంది. అందుకే ముఖం భాగాన్ని చెరిపేశాకే ఫైలు షేర్డ్ స్టోరేజీకి వస్తుంది. చెరపడంలో కొన్నిసార్లు మెదడు ముందు భాగమైన ఫ్రంటల్ లోబ్ అంచు కూడా గీసుకుపోతోంది, అందుకని ప్రతి స్కాన్‌ను ఒక మనిషి కళ్లతో చూడాల్సిందే. తేదీలను కూడా జరిపేశాం. జరిపిన తేదీలు 1925లో గానీ అంతకుముందు గానీ పడేలా చూడమని బిడ్స్ సలహా. మంచి ఉపాయం. 1920లో ఎంఆర్‌ఐ తీసినట్టు కనిపిస్తే అది నిజం తేదీ అని ఎవరూ పొరబడరు. నా వయసు నిబంధనల్ని మాత్రం మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

ఇక "ముట్టుకోవద్దు" డిస్కు. స్కానర్ ల్యాబ్‌లో చాలాకాలంగా ఉన్న టెక్నీషియన్ గారు సెలవు నుంచి వచ్చారు. డిస్కు చూడగానే "అది నా రాతే" అన్నారు.

అందులో పాత అనలైజ్ ఫార్మాట్ స్కాన్లు ఉన్నాయి. ఆ ఫార్మాట్‌తో ఉన్న పెద్ద చిక్కు, బొమ్మలో కుడి ఎటో ఎడమ ఎటో ఫైలు నమ్మకంగా చెప్పదు. కొందరు డాక్టర్ల పద్ధతిలో రోగికి ఎదురుగా నిలబడి చూసినట్టు పెడతారు, కొందరు వెనక నుంచి చూసినట్టు. తర్వాత వచ్చిన నిఫ్టీ ఫార్మాట్ దిశను స్పష్టంగా రాసుకుంటుంది. పాతవాటిని ఎవరో సగం దాకా మార్చి వదిలేశారట. ఏ సగమో గుర్తు లేక ఆయన ఆ మాట రాసి బీరువాలో పెట్టేశారు.

మెదడు చూడ్డానికి రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. తారుమారైనా కంటికి తెలియదు. "ఇవి ఇక పనికిరావు కదా" అన్నాను. ఆయన ఒక స్కాన్ తెరిచి, మౌస్‌తో చెవి పైదాకా జరిపి, తెర మీద వేలు పెట్టారు. తల చర్మం బయట, శెనగగింజంత తెల్లటి చుక్క.

"విటమిన్ ఈ గోళీ. ప్రతివాళ్లకీ కుడి కణత మీద టేపుతో అంటించేవాణ్ణి."

గోళీలోని నూనె ఎంఆర్‌ఐలో తెల్లగా మెరుస్తుంది. గోళీ ఎటుంటే అటు కుడి. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని 62 స్కాన్లు చూశాం. 29 తారుమారుగా ఉన్నాయి. మూడింట్లో గోళీ కనిపించలేదు, బహుశా ఊడిపోయి ఉంటుంది. ఆ మూడూ డేటాబేస్‌లోకి రాలేదు. ఈ గోళీ సంగతి ఏ ఫైలులోనూ లేదు, ఏ ప్రోటోకాల్ కాగితంలోనూ లేదు. ఆయన ఇంకో ల్యాబ్‌కు మారి ఉంటే డిస్కు మొత్తం పోయినట్టే. "గమనికలు" కాలమ్‌లో ఆయన మాటలే ఉన్నవి ఉన్నట్టు టైపు చేశాను.

15వ వారం

ఎవరు ఏది చూడొచ్చు అన్న పంచాయితీ. ఒక ల్యాబ్ తమ పేపర్ వచ్చేదాకా ఎవరికీ చూపించేది లేదంది, ఇంకొకరు అన్నీ ఇప్పుడే తెరవమన్నారు. చివరికి కుదిరిన ఒప్పందం: కేటలాగు అందరికీ కనిపిస్తుంది, ముడి ఫైలు కావాలంటే ఆ ల్యాబ్ ఒక బటన్ నొక్కి అనుమతించాలి, గడువు తేదీ దాటితే దానంతటదే తెరుచుకుంటుంది. అందరూ కాస్త కాస్త అసంతృప్తిగా సంతకం పెట్టారు.

17వ వారం

నా సాయం లేకుండా జరిగిన మొదటి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న). ఎలక్ట్రోడ్ ల్యాబ్ అమ్మాయే. రాత్రి పదకొండు దాటాక మెసేజ్: "200 ట్రయల్స్ దాటిన, గడియారం సరిగ్గా ఉన్న సెషన్లు అడిగితే 43 వచ్చాయి. నా లెక్కలో 41 ఉండాలి."

లేచి లాప్‌టాప్ తెరిచాను. నేను చూసేలోపే రెండో మెసేజ్. రెండు సెషన్లలో రికార్డింగ్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది, అందుకే ఒక్కోటి రెండుసార్లు వచ్చింది, సెషన్ల వారీగా లెక్కపెడితే సరిపోయిందట. మూడో వారం బోర్డు మీద రాసుకున్నదే.

ఎందుకు ఆగాయో చూద్దామని ఆ రెండింటి గమనికలు తెరిచాను. ఒకదాంట్లో: "కేబుల్ ఊడింది, 4 నిమిషాల్లో మళ్లీ పెట్టా." ఇంకోదాంట్లో: "కంప్యూటర్ హ్యాంగ్. మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఎలుక నిద్రపోయింది. తర్వాతి ట్రయల్స్ అన్నీ నిద్రలోనే అని నా అనుమానం."

ఆమెకు పంపాను. రెండు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: "అయితే 40."